రెండు చెవులా వినవలసిన గొంతు

నవంబరు ఒకటో తేదీ వచ్చిందంటే మా రాయచూరు జిల్లాలో ఏ వీధికి వెళ్ళినా ఒకటే పాట. పసుపు, ఎరుపు జెండాలు కట్టిన ఆటోస్టాండు దగ్గర, తాలూకాఫీసు ముందు, కాలేజీ మైదానంలో మైకుసెట్లు దాన్నే వినిపిస్తాయి. 'గంధద గుడి' సినిమాలో రాజ్‌కుమార్ కన్నడ నాడునీ నుడినీ కొనియాడే పాట అది. ఈ రాష్ట్రానికి కర్ణాటక అని పేరు పెట్టింది 1973 నవంబరు 1న. ఆ సినిమా వచ్చింది అదే ఏడాది చివర. ఇన్నేళ్ళయినా ఆ పాట వినపడని రాజ్యోత్సవం ఇక్కడివాళ్ళకి తోరణం కట్టని గుమ్మంలా ఉంటుంది.

ఆ పాట పాడినాయన కాకినాడలో పుట్టిన తెలుగువాడు. పేరు ప్రతివాది భయంకర శ్రీనివాస్. మనం పి.బి. శ్రీనివాస్ అంటాం, కన్నడిగులు ముద్దుగా పీబీఎస్ అంటారు.

ఈ సంగతి చెబితే మా బ్రాంచి క్యాషియరు నమ్మలేదు. "ఏం మాట్లాడుతున్నారు సార్! పీబీఎస్ మావారు" అన్నాడు. సరే, అతను కన్నడిగుడు, అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఆ వారమే పంట రుణాల పని మీద సింధనూరు దగ్గర ఒక క్యాంపుకి వెళ్ళాను. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళని నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్ళవి. తరాలు మారినా పేరు చివర క్యాంపు అన్న మాట అలాగే నిలిచిపోయింది. మా నాన్నగారూ అలా వచ్చినవారే. అక్కడ అరుగు మీద కూచున్న ఒక పెద్దాయన్ని ఇదే అడిగాను. "పీబీ శ్రీనివాసా? ఆయన కన్నడాయన కదండీ, రాజ్‌కుమార్‌కి పాడేవాడు" అన్నారాయన.

రెండు పుస్తకాల్లోనూ ఒకే పద్దు కనిపిస్తే బ్యాంకువాడు సంతోషించాలి. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

ఆయన 1930 సెప్టెంబరు 22న పుట్టారు. బి.కాం. చదివారు. నేనూ బి.కాం.నే కనక ఆ ముక్క నాకు మరీ ఇష్టం. మద్రాసు చేరి, వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రిగారి చేయూతతో జెమినీ వారి హిందీ చిత్రం 'మిస్టర్ సంపత్' (1952)లో మొదటిసారి గొంతు కలిపారు. 1960లో 'భక్త కనకదాస'తో రాజ్‌కుమార్‌కి ఆయన గొంతు అతికినట్టు సరిపోయింది. 'నాంది', 'కస్తూరి నివాస', 'బంగారద మనుష్య' అన్నీ ఆ తరవాతవే. తాను శరీరమైతే శ్రీనివాస్ శారీరమని రాజ్‌కుమార్ అనేవారని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. అటు తమిళంలో జెమినీ గణేశన్ పాడుతున్నాడంటే ప్రేక్షకుడి చెవికి ఈయన గొంతే వినబడాలి.

మరి తెలుగులో? పాటలు లేకపోలేదు. 'ఇంటికి దీపం ఇల్లాలే' (1961), 'మంచి మనిషి' (1964), 'లేత మనసులు' (1966) చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. కాని తెలుగు గాయకుల పేర్లు వరసగా చెప్పమంటే ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యం అన్నాక ఆగి ఆలోచించి గాని ఈయన పేరు చెప్పరు. ఘంటసాలగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది, న్యాయంగా వచ్చింది. శ్రీనివాస్‌గారికి ఏ పద్మమూ రాలేదు.

ఆయన గొంతు మెత్తనిది, మన పౌరాణికాల పద్యాలకి ఆగదు అని కొందరంటారు. ఆ వాదన తుంగభద్ర దాటితే నిలవదు. కనకదాసు భక్తిని కన్నడిగుల గుండెల్లో నింపింది ఆ మెత్తని గొంతే కదా! నాకు తోచే కారణం వేరు. ఆయన మద్రాసులో నిలదొక్కుకునేనాటికి తెలుగులో ఆ ఉద్యోగం ఖాళీ లేదు. 'పాతాళ భైరవి' 1951లో, 'దేవదాసు' 1953లో వచ్చేశాయి. ఇద్దరు పెద్ద హీరోలకీ ఒకే గొంతు స్థిరపడింది, అదీ మహా గొంతు. కన్నడంలో రాజ్‌కుమార్ హీరోగా తొలి చిత్రం 'బేడర కణ్ణప్ప' 1954లో వచ్చింది. అక్కడ హీరో ఎదుగుతున్నాడు, గొంతు ఇంకా కుదరలేదు. ఖాళీ ఉన్నచోట మనిషి ఇమిడాడు. ప్రతిభకి తరుగు లేదు, తేడా అంతా వేళలో ఉంది. నీళ్ళున్న చోటికి మా నాన్నగారు ఎందుకు వచ్చారో, ఆయనా అందుకే వచ్చారు.

మా అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం. వాడికి అరవైలనాటి ఇంగ్లండు రాక్ పాటలంటే పిచ్చి. బీటిల్స్ కాదు, 'జాంబీస్' అనే బృందమంటే ప్రాణం. వాళ్ళు 1967లో రికార్డు చేసిన 'ఒడెస్సీ అండ్ ఆరకిల్' బయటికొచ్చేసరికి బృందమే చెదిరిపోయిందట. అందులో ఒక పాట 1969లో అమెరికాలో మారుమోగిపోతే, పాడటానికి బృందం లేదు. అయినా అభిమానులు వదలకుండా విని, ఒకరికొకరు వినిపించి నిలబెట్టారు. 2019లో అమెరికావాళ్ళ రాక్ సంగీత గౌరవ జాబితాలో వాళ్ళ పేరు చేరింది. అదే 1969లో మనిషి చంద్రుడి మీద దిగితే శ్రీనివాస్‌గారు ఇంగ్లీషులో పాట రాసి, ఎస్. జానకితో కలిసి పాడి, ఆ రికార్డు నిక్సన్‌కీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కీ పంపారని వాడికి చెప్పాను. "నాన్నా, మీవాడూ తక్కువవాడు కాదే!" అన్నాడు. 'మీవాడు' అన్న మాట దగ్గర ఆగాను. వీడికైనా 'మనవాడు' ఎప్పుడవుతాడు?

1974లో 'సంపత్తిగె సవాల్'లో రాజ్‌కుమార్ ఒక పాట స్వయంగా పాడారు. అది జనానికి బ్రహ్మాండంగా నచ్చింది. క్రమంగా తన పాటలు తానే పాడుకున్నారు. శ్రీనివాస్‌గారికి అవకాశాలు తగ్గాయి. ఆయన ఎవరినైనా నిష్ఠూరమాడినట్టు నేనెక్కడా చదవలేదు. జరీ తలపాగా, జేబు నిండా రంగురంగుల కలాలు, మద్రాసు ఉడ్‌లాండ్స్ డ్రైవిన్‌లో ఒక బల్ల, ఎనిమిది భాషల్లో కవిత్వం. 2013 ఏప్రిల్ 14న కన్నుమూసేదాకా రాస్తూనే ఉన్నారు.

నేను ఆలోచించేది ఇది. కాకినాడలో ఉన్నవారికి ఆయన తెలుగు పాటలే తెలుసు, వాటిని చూసి చిన్న గాయకుడనుకుంటారు. మైసూరులో ఉన్నవారికి కన్నడ పాటలే తెలుసు, ఆయన వేరు తెలియదు. ఆ మనిషిని నిండుగా వినగలిగింది ఎవరు? ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా బతికే మనమే. రెండు భాషల మధ్య నలిగిపోతున్నామని మన సభల్లో తరచూ వాపోతుంటాం. పిల్లలకి తెలుగు రావడం లేదన్న బాధ నిజమే, నా ఇంట్లోనూ ఉంది. కాని ఇటూ అటూ వినగల చెవి కూడా ఆస్తే. ఆ ఆస్తిని మన లెక్కలో ఎప్పుడూ రాసుకోం.

పోయిన ఉగాదికి మా క్యాంపులో పాటల కార్యక్రమం పెట్టారు. 'లేత మనసులు' పాట ఒకటి వినిపించమని పట్టుబట్టాను. కుర్రాళ్ళు మొహమాటానికి ఒప్పుకున్నారు. పాట మొదలవగానే ముందు వరసలో కన్నడ మీడియంలో ఐదో తరగతి చదివే పిల్ల ఒకతి వాళ్ళ నానమ్మ కొంగు పట్టుకు లాగింది.

"నానమ్మా, రాజ్‌కుమార్ తెలుగులో పాడుతున్నాడే!"

అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. పాట అయిపోయేదాకా చెవులు రిక్కించి వింది.