పద్దు ఎవరిది?

ఢిల్లీలోని సదర్ బజారు టోకు వర్తకానికి పేరుపడిన చోటు. పుచ్చుకున్న సొమ్ము ఒక వైపు, ఇచ్చిన సరుకు మరొక వైపు చిట్టాలో చూపనిదే వర్తకుని లెక్క తేలదు. ప్రజాప్రతినిధి పుచ్చుకున్న విరాళానికి ఎదురుగా ఏమి ఇచ్చాడో తేల్చడం మాత్రం అంత సులభం కాదు.

ఈ చిక్కు 'ఢిల్లీ సదర్' లోక్‌సభ నియోజకవర్గంలోనే ఒకసారి బయటపడింది. 1971 ఎన్నికలలో అక్కడ కాంగ్రెసు అభ్యర్థి అమర్‌నాథ్ చావ్లా గెలుపొందారు. ఓడిన జనసంఘ్ అభ్యర్థి కన్వర్‌లాల్ గుప్తా, విజేత ఖర్చు 10,000 రూపాయల పరిమితిని మించిందని న్యాయస్థానానికి వెళ్ళారు. ఆ ఖర్చు పార్టీది గాని అభ్యర్థిది కాదన్నది ఎదుటి పక్షం వాదన. 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చి ఎన్నికను రద్దు చేసింది. తెలిసి ఆ ఖర్చు ఫలితాన్ని అనుభవించినవాడు ఆ పద్దును కూడా మోయాలన్నది జస్టిస్ పి.ఎన్. భగవతి వ్రాసిన తీర్పులోని సారాంశం. భారీ విరాళమిచ్చినవారు ప్రతిఫలం ఆశించకపోరని కూడా ఆ తీర్పు హెచ్చరించింది.

అదే నెలలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, పార్టీ చేసే ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదన్నది. 2003లో ఆ మినహాయింపును చాలావరకు కుదించినా, పార్టీలు స్వయంగా చేసే ఖర్చుకు చట్టం నేటికీ గరిష్ఠ పరిమితి విధించలేదు.

ఇది చిట్టాలో జమ వైపు సంగతి. ఇక రెండో వైపు చూద్దాం. లోక్‌సభలో అనేక బిల్లులు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి. డివిజన్ జరిగితే తప్ప ఏ సభ్యుడు ఎటు ఓటు వేశాడో నమోదు కాదు. పైగా 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు సభ్యత్వాన్నే పోగొట్టుకోవచ్చు. విరాళాలలో అధిక భాగం చేరేదీ పార్టీకే, ఓటును శాసించేదీ పార్టీయే. 'ఎవరి ఉప్పు తిన్నావు?' అని సభ్యుణ్ణి నిలదీసినా ప్రయోజనం స్వల్పం. ఆ ప్రశ్న వేయవలసింది పార్టీని.

2018లో అమలులోకి వచ్చిన ఎన్నికల బాండ్లు ఆ ప్రశ్నకు కూడా తలుపు మూశాయి. ఏ సంస్థ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకు తెలియకుండా పోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. మరుసటి నెలలో, 2019 ఏప్రిల్ నుంచి బాండ్లు కొన్నవారి పేర్లు, సొమ్ము అందుకున్న పార్టీల పేర్లు ప్రజల ముందుకు వచ్చాయి.

విరాళమివ్వడం నేరం కాదు. సొమ్ము లేనిదే ఎన్నికలు జరగవు. అయితే ఆ జాబితాలు బయటపడేనాటికి 2019 ఎన్నికలు ముగిసి దాదాపు అయిదేళ్ళు గడిచాయి. అంతకాలమూ ఓటరు చేతిలో ఉన్నది సగం చిట్టాయే.