మూడు ఊళ్లు... ఒక టులెట్ బోర్డు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని అద్దెకిచ్చి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. అప్పట్లో ఆ అవసరం రాలేదేమో!

మా మామయ్యకు వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఓ ప్రైవేటు కాలేజీలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి, 2025 మార్చిలో రిటైరయ్యాడు. చెప్పుకోదగ్గ పెన్షన్ లేదు. పీఎఫ్, గ్రాట్యుటీ, కడుపు కట్టుకుని దాచుకున్నది... అంతా కలిపితే 40 లక్షలు. ఆయనా అత్తయ్యా ఇకపై బతకాల్సింది దాంతోనే.

‘ఓ చిన్న ఫ్లాట్ కొని అద్దెకిస్తే నెలనెలా చేతిలో పడతాయి. ఏ ఊళ్లో కొనమంటావురా? పేపర్లో పనిచేస్తావుగా, నీకు తెలియాలి’ అని ఫోన్.

నిజం చెప్పొద్దూ, నాకూ తెలియదు. అందుకే ఇద్దరం కలిసి మూడు ఆదివారాలు మూడు ఊళ్లు తిరిగాం.

ఎండకు వెలిసిన బోర్డు

మొదట హైదరాబాద్. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి పొద్దున్నే లింగంపల్లిలో దిగాం. అక్కణ్నుంచి మియాపూర్, నిజాంపేట. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి నగరం ఇటువైపు పెరుగుతూనే ఉంది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో పరుగు తీశాక మరీనూ. అద్దెకు అడిగేవాళ్లకు కొదవే లేదు. ‘పొద్దున కట్టిన టులెట్ బోర్డు సాయంత్రానికి విప్పేస్తా సార్’ అన్నాడో వాచ్‌మన్. మామయ్య కళ్లలో మెరుపు!

ఆ మెరుపు బ్రోకరు దగ్గర ఆరిపోయింది. మెట్రోకు దగ్గర్లో కొత్త డబుల్ బెడ్‌రూమ్ కావాలన్నాం. మా దగ్గరున్న డబ్బెంతో విని ఆయన చిన్నగా నవ్వి, అవుటర్ రింగు రోడ్డు అవతల చూసుకోమన్నాడు. చూశాం. ధర అందుబాటులోనే ఉంది. కానీ అక్కడి టులెట్ బోర్డులు ఎండకు వెలిసిపోయి అక్షరాలు కూడా కనిపించడం లేదు. బోర్డు రంగు చూస్తే చాలు, ఇల్లు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో చెప్పేయొచ్చు.

తిరిగొస్తుంటే వీధిలో నీళ్ల ట్యాంకర్లు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఈ వైపు కాలనీలు పడ్డ పాట్లు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఇక్కడ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు అద్దె కన్నా ముందు నీళ్ల సంగతే అడుగుతారట. ఓ పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. 2020లో కరోనా వచ్చి సాఫ్ట్‌వేర్ పిల్లలంతా సొంతూళ్లకు వెళ్లిపోతే ఆయన ఫ్లాటు ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. అద్దె ఆగింది కానీ బ్యాంకు వాయిదా ఆగలేదు!

ఉక్కు జీతం, ఉప్పు గాలి

తర్వాతి ఆదివారం విశాఖ. గాజువాకలో దిగి ఏ సందులోకి వెళ్లినా అద్దె పోర్షన్లే. ఉక్కు కర్మాగారం, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్... పనికి వచ్చిన కుటుంబాలతో వీధులు నిండుగా ఉన్నాయి. ధరలు మామయ్యకు నచ్చాయి. కానీ టీ కొట్టు దగ్గర మాటలన్నీ ఉక్కు చుట్టూనే. 2021 జనవరిలో ప్లాంటులో వాటాలు అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అయినా గుబులు పోలేదు. ‘కాంట్రాక్టు పని పోతే ముందు ఖాళీ అయ్యేది అద్దిల్లే కదండీ’ అన్నాడు టీ కొట్టాయన.

మధురవాడ వెళ్లాం. రుషికొండ ఐటీ ఆఫీసులు, కాలేజీలు దగ్గర. ఊరు పెరిగేది ఇటేనని అందరూ చెప్పేమాట. కాకపోతే సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో కిటికీ ఊచలు ఉప్పు గాలికి తుప్పు పట్టాయి. రంగులు, మరమ్మతులు తరచూ తప్పవు. ‘కుళాయి పాడైందని ఫోనొస్తే గూడెం నుంచి రావడానికీ పోవడానికీ రోజు పడుతుంది’ అని మామయ్య తనలో తానే లెక్కేసుకున్నాడు.

వార్తలు అద్దె కట్టవు

మూడోది విజయవాడ. గూడెం నుంచి రెండు గంటలు. మేం వెళ్లడానికి కొద్దిరోజుల ముందే, 2025 మే 2న, అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. బ్రోకర్ల చేతుల్లో రంగురంగుల బ్రోచర్లు!

ఈ సినిమా బెజవాడ వాళ్లకు కొత్త కాదు. 2015 అక్టోబరు 22న రాజధానికి శంకుస్థాపన జరిగింది. 2016లో ఉద్యోగులు హైదరాబాద్ నుంచి తరలివస్తుంటే అద్దెలకు రెక్కలొచ్చాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే అంతా చప్పబడింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ సందడి. మామయ్య బ్రోచరు మడిచి జేబులో పెట్టుకుంటూ, ‘రాజధాని వస్తుందన్న వార్త అద్దె కట్టదు రా. వచ్చిన గుమాస్తా కడతాడు. ఆయన వచ్చాక చూద్దాం’ అన్నాడు.

సింగ్‌నగర్ వైపు ధర తక్కువని తీసుకెళ్లారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మునిగిన ప్రాంతం. గోడల మీద నీటి చార ఇంకా కనిపిస్తోంది. చివరికి పటమటలో ఓ పాత అపార్ట్‌మెంట్ దగ్గర ఆగాం. పక్కనే ఆటోనగర్. మెకానిక్కులు, స్పేర్‌పార్టుల కొట్ల గుమాస్తాలు, టీచర్లు, నర్సులు... ఒక్క గేటు మూతపడితే అందరూ వెళ్లిపోయే వీధి కాదు. టులెట్ బోర్డులు తక్కువ. ఉన్నవీ కొత్తవే.

అత్తయ్య లెక్క

రెండో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. పాతదే. 25 లక్షలన్నారు. మామయ్యకు చేతులు ఆగలేదు. ‘ఇంకో పదిహేను ఉన్నాయిగా, పెద్దది చూద్దాం’ అన్నాడు.

అప్పటిదాకా మాట్లాడని అత్తయ్య అడ్డుపడింది. ‘ఏవండీ, అన్నీ ఇటుకల్లో పోస్తే ఆసుపత్రి ఖర్చొస్తే గోడ పగలగొట్టి ఇస్తారా?’

లెక్కల మాస్టారికి లెక్క చెప్పింది అత్తయ్యే. ఫ్లాటుకు 25 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం చొప్పున 1,87,500. రంగులు, రిపేర్లతో కలిపి 28 లక్షలు అనుకుందాం. నెలకు 9 వేలు అద్దె. ఏడాదిలో నెల ఖాళీ పోతే వచ్చేది 99 వేలు. అంటే మూడున్నర శాతం! మిగిలిన 12 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో వేస్తే 2025లో వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి 24,600, ఏడాదికి 98,400. తక్కువ సొమ్ముకు దాదాపు అంతే రాబడి.

మరి ఫ్లాటెందుకు? వడ్డీ పెరగదు, అద్దె పెరుగుతుంది. ఫ్లాటుతోపాటు వచ్చే స్థలం వాటా పిల్లలకు మిగులుతుంది. అందుకని రెండూ కావాలి. కానీ నెల గడవడానికి అద్దె ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. ఏ ఊళ్లో కొన్నా ఈ లెక్క మారదు.

కొనేముందు...

* ఒక్కో ఊరికి ఒక్కో తేదీ ఉంటుంది. విశాఖలో 2014 అక్టోబరు హుద్‌హుద్, హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదలు, విజయవాడలో 2024 సెప్టెంబరు. ‘ఆ రోజు ఈ వీధి ఎలా ఉంది?’ అని బ్రోకర్ని కాదు, కిరాణా కొట్టాయన్ని అడగండి.

* ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అనుమతి లాయరుకు చూపించండి. హైదరాబాద్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దు కూడా. హైడ్రా వచ్చాక ఇది మరీ ముఖ్యం.

* అద్దెకుండేవాళ్లు పిల్లల స్కూళ్లను బట్టి మేలో, జూన్‌లో మారతారు. ఆషాఢంలో గడప దాటరు. ఫ్లాటు అప్పటికి సిద్ధం కాకపోతే ఓ నెల పోయినట్లే.

* తెలుగు రాష్ట్రాల్లో ఎంత కాలపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆదాయపు పన్ను లెక్కలో అద్దె నుంచి మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది.

అంతా చూసుకుని జూన్‌లో రిజిస్ట్రేషన్ చేయించాం. రంగులు పూర్తయ్యేసరికి ఆషాఢం రానే వచ్చింది. నెలంతా ఫ్లాటుకు తాళమే. శ్రావణంలో ఆటోనగర్‌లో ఓ కొట్టు లెక్కలు రాసే ఆయన, టీచరుగా పనిచేసే భార్య పాలు పొంగించుకున్నారు.

అక్టోబరు 14న విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం వార్త వచ్చింది. ఆ సాయంత్రమే మామయ్య ఫోన్. ‘ఏరా, వైజాగ్ వదిలేసి తప్పు చేశామంటావా?’

ఏం చెప్పాలో తోచలేదు. అక్కడ ధరలు పెరిగినా పెరగొచ్చు. అంతలో వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

‘మూడో నెల అద్దె పడిందని చెప్పండి ముందు. వంటింటి కుళాయి కారుతోందట... రేపు పొద్దున బస్సుకెళ్లి బాగు చేయించి రావాలి.’