మిరప చేలో చొక్కాలు



ఈ సంగతి రాయాలని చాలా రోజులుగా ఉంది. నా తప్పు ఉన్న సంగతి గనుక వాయిదా వేస్తూ వచ్చాను. మొన్న ఒక సేవకుడు ఫోన్ చేసి, "అన్నా, ఆడపిల్లలు పాంటు వేసుకొని మందిరానికి వస్తున్నారు, ద్వితీయోపదేశకాండం మీద మంచి ప్రసంగం ఏదైనా ఉంటే పంపు" అని అడిగాడు. ఆ ప్రసంగం నా దగ్గర ఉంది. నోట్‌బుక్కులో తొమ్మిది పేజీలు. అతనికి అది పంపలేదు. దాని బదులు ఇది రాస్తున్నాను.

మా మందిరం తెలిసినవాళ్లకు తెలుసు. భద్రాచలం నుంచి చర్ల రోడ్డు మీద బస్సు దిగి, అడవి వైపు మట్టి రోడ్డున లోపలికి రావాలి. అరవై మంది దాకా వస్తారు. ఎక్కువమంది కోయ బిడ్డలే. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్లకు ముసుగు, చేతనైనవాళ్లకు తెల్ల చీర. ఇది నేను పెట్టిన పద్ధతి కాదు, నాకంటే ముందున్న అయ్యగారి కాలం నుంచి వస్తున్నది. నేనూ మార్చలేదు.

మా సంఘంలో భర్త చనిపోయిన ఒక అక్క ఉంది. కూలి చేసి కూతుర్ని చదివించుకుంది. ఆ పిల్ల ఆశ్రమ పాఠశాలలో చదివి, పరీక్ష రాసి, ఫారెస్టు బీట్ ఆఫీసరు అయ్యింది. ఉద్యోగం వచ్చినప్పుడు మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, నేనే ప్రార్థన చేశాను. అందరికీ పులిహోర పెట్టారు. తర్వాత ఒక ఆదివారం ఆ పిల్ల రాత్రంతా డ్యూటీ చేసి, ఇంటికి పోతే ఆరాధన అయిపోతుందని, బండి మీద నేరుగా మందిరానికి వచ్చింది. ఒంటి మీద ఖాకీ పాంటు, ఖాకీ చొక్కా. తల మీద చున్నీ వేసుకుంది. గుమ్మం దగ్గర సంఘ పెద్ద ఆపాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ, ఆ పిల్ల ఒక్క నిమిషం నిలబడి, చెప్పులు మళ్లీ తొడుక్కొని వెళ్లిపోవడం నేను ప్రసంగ పీఠం మీద నుంచి చూశాను. పాట ఆపలేదు. పిలవలేదు. ఆ తర్వాతి ఆదివారం ఆ తొమ్మిది పేజీలు ప్రసంగించాను.

బాగా చెప్పానని అప్పుడు అనుకున్నాను. స్త్రీ పురుషుడి బట్ట వేసుకోవడం, పురుషుడు స్త్రీ బట్ట వేసుకోవడం దేవునికి హేయమని మోషే ధర్మశాస్త్రంలో ఉంది గదా. 22వ అధ్యాయం 5వ వచనం. దానికి 1 తిమోతి 2:9 కలిపాను, 1 పేతురు 3వ అధ్యాయం కలిపాను, సినిమాలను కలిపాను, సెల్‌ఫోన్లను కూడా కలిపాను. మగవాళ్ల వైపు నుంచి "ఆమెన్" గట్టిగానే వినపడింది. ఆ రోజు ప్రభువు బల్ల. ఆ పిల్ల తల్లి రొట్టె తీసుకోలేదు. కూతురు గురించి బాధపడుతోందిలే అనుకున్నాను.

మిర్చి కోతల కాలం అది. రెండు రోజుల తర్వాత ఒక విశ్వాసి తన చేను దగ్గర ప్రార్థన పెట్టుకొని రమ్మంటే వెళ్లాను. ముప్పై మంది దాకా ఆడకూలీలు సాళ్లలో వంగి కాయలు ఏరుతున్నారు. మన ఊళ్ల సంగతి మీకు చెప్పాలా? ప్రతి ఒక్కరి ఒంటి మీద చీర పైన మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా. తలకు తువ్వాల. చొక్కా లేకుండా మిరప ఏరితే సాయంత్రానికి చేతులు మోచేతుల దాకా మండుతాయి, రాత్రి చంటిబిడ్డను ఎత్తుకోవడానికి ఉండదు. పత్తి తీసేటప్పుడు అదే, తునికాకు కోసేటప్పుడు కూడా అదే. ఇరవై ఏళ్లుగా ఆ చొక్కాలు చూస్తున్నాను, ఆ రోజు వరకు అవి నాకు ఎన్నడూ కనపడలేదు.

ఆ అక్క సాలు చివర బుట్ట దించి నా దగ్గరకు వచ్చింది. ఆమె ఒంటి మీద నీలం గళ్ల చొక్కా, మోచేయి దగ్గర మాసిక.

"వందనాలు అయ్యగారూ. ఒక మాట అడగనా? ఇది పిల్ల వాళ్ల నాన్నది. ఆయన పోయినాక నాలుగు చొక్కాలు ఉంటే మూడు ఎవరికో ఇచ్చేసిన. ఇది చేనుకు వేసుకుంటున్న. మీరు చెప్పినప్పుడు నాకు తెలవలే, ఇన్నేండ్లు పాపం చేసిన్నేమో అని మొన్న రొట్టె తీసుకోలే. ఇది తీసెయ్యాల్నా అయ్యగారూ?"

ఎత్తిపొడుపు కాదు ప్రియులారా. అలా అయితే నాకు తేలికయ్యేది, జవాబు చెప్పి ఉండేవాడిని. ఆమె నిజంగా అడిగింది. తీసెయ్యమంటే తీసేసి, మండే చేతులతో ఏరి ఉండేది.

"వద్దక్కా, వేసుకో" అన్నాను. "మరి పిల్ల?" అన్నది. నేను ప్రార్థనకు పొద్దుపోతోందని చెప్పి చేను గట్టు మీదికి వెళ్లిపోయాను.

ఆ రాత్రి బైబిలు తీసి అదే అధ్యాయం మొదటి నుంచి చదివాను. ప్రసంగం కోసం కాక, జవాబు కోసం. 5వ వచనానికి ముందు ఏముంది? తప్పిపోయిన సహోదరుని ఎద్దును తోలుకొచ్చి అప్పగించాలని, దారిలో పడిపోయిన గాడిదను లేవనెత్తడానికి సాయం చేయాలని, చూడనట్టు తప్పించుకుపోకూడదని ఉంది. నేను పీఠం మీద నుంచి చూసి చేసింది సరిగ్గా అదే. వచనం తర్వాత ఏముంది? గూటిలో పిల్లల మీద కూర్చున్న తల్లిపిట్టను పట్టుకోకూడదని, డాబా కడితే పైన పిట్టగోడ కట్టాలని, ఉన్ని నార కలిపి నేసిన బట్ట వేసుకోకూడదని. ఈ చివరిది చదివాక నా చొక్కా కాలరు తిప్పి లేబుల్ చూసుకున్నాను. పాలిస్టరు, కాటను కలిపినది. ఉన్ని నార కాదు గనుక బతికిపోయాను! గానీ ఆ మాట మీద తొమ్మిది పేజీలు ఎవరమూ ఎందుకు ప్రసంగించలేదో ఆలోచించండి.

పెద్దలు రాసిన వ్యాఖ్యానాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. అక్కడ హెబ్రీ భాషలో పురుషుని గురించి వాడిన మాట 'కెలీ గెబెర్'. కెలీ అంటే వస్తువు, పనిముట్టు, ఆయుధం అని కూడా అర్థం. ఇస్సాకు ఏశావును విల్లు, అంబులపొది తీసుకొని వేటకు వెళ్లమన్నప్పుడు వాడిన మాట అదే. అందుకే యూదుల్లో కొందరు పాత బోధకులు ఇది స్త్రీ ఆయుధం పట్టి యుద్ధానికి పోవడం గురించి అన్నారు. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న రాషీ అనే గొప్ప యూదు వ్యాఖ్యాత, వ్యభిచారం కోసం వేషం మార్చి అవతలివారి మధ్యకు చేరడం గురించి అన్నాడు. అటువంటి హేయకార్యానికి దారితీసే బట్టనే ధర్మశాస్త్రం నిషేధించిందని చెప్పాడు. క్రైస్తవుల్లో తోమా అక్వినాస్ 13వ శతాబ్దంలో, ఇలా బట్ట మార్చడం మామూలుగా తప్పే అంటూనే, అవసరం పడినప్పుడు, వేరే బట్ట లేనప్పుడు పాపం కాకుండా వేసుకోవచ్చని రాశాడు. వేరే బట్ట లేనప్పుడు! మిరప చేను చూడని మనిషికే అంత తెలిసింది.

ఇంకొకటి. మనం ఆదికాండంలో చదివే యోసేపు నిలువుటంగీకి హెబ్రీలో ఏ మాట ఉందో, 2 సమూయేలు 13లో దావీదు కూతురు తామారు వేసుకున్న బట్టకు కూడా అదే మాట ఉంది. యోసేపుకూ తామారుకూ ఒకే పేరున్న బట్ట. ఇక లాగుల సంగతి అంటారా, నిర్గమకాండం 28లో దేవుడు కుట్టించమన్న నారలాగులు యాజకులకు. అవి లోపలి బట్టలు. పేతురు, పౌలు పాంటు వేసుకొని ఎరుగరు; ఆ రోజుల్లో రోమా వాళ్లు పాంటును అనాగరికుల బట్టగా చూసేవారు. మా తాత గోచి పెట్టి భుజాన తువ్వాల వేసుకున్నాడు, మా నాన్న పంచె కట్టాడు, నేను పాంటు వేసుకొని ప్రసంగిస్తున్నాను. నన్ను గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు. మా చిన్నప్పుడు ముసలమ్మలు చాలామంది రవిక తొడిగేవాళ్లు కాదు, కొంగే అన్నీ. ఈ రోజు మనం సాంప్రదాయమని కాపాడుతున్న చీర, రవిక, లంగా మన అడవి పల్లెల్లో రెండు తరాల నాటి సంగతి.

అలాగని ఆ వచనం కొట్టివేయబడింది అని నేను చెప్పడం లేదు. కొందరు నా మీద అలా అన్నారు. దేవుడు స్త్రీనిగా పురుషునిగా సృజించాడు, ఆ తేడా ఆయన వరం, దాన్ని మోసానికీ మోహానికీ వాడుకోవడం ఆయనకు హేయం. ఇది ఇప్పటికీ నేను నమ్ముతున్నాను, బోధిస్తున్నాను. అయితే ఏ బట్ట మగది, ఏది ఆడది అన్నది ఆకాశం నుంచి రాలేదు. పంజాబులో సల్వారు మగవాళ్లూ వేస్తారు, ఆడవాళ్లూ వేస్తారు. మన పక్క పిల్లలు పంజాబీ డ్రెస్సు వేసుకొచ్చిన మొదటి రోజుల్లో దాన్ని కూడా పాంటు అనే కదా కోప్పడ్డాం. ఇప్పుడు అదే మంచి బట్ట అయ్యింది.

బట్టల గురించి మన క్రైస్తవుల కథ ఇంకొకటి ఉంది, అది మన సంఘాల్లో పెద్దగా చెప్పరు. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్ స్త్రీలు ఒంటి పైభాగం కప్పుకోకూడదని కట్టడి ఉండేది. సువార్త నమ్మిన స్త్రీలు కప్పుకోవడం మొదలుపెడితే, వారి మీద పడి బట్టలు లాగి చింపారు. పదుల సంవత్సరాలు ఆ గొడవ నడిచి, 1859లో నాడార్ స్త్రీలందరికీ కప్పుకోవడానికి రాజు అనుమతి ఇచ్చాడు. ఆనాడు వారిని అడ్డుకున్నవాళ్లు కూడా ఆచారం పేరే చెప్పారు, మర్యాద పేరే చెప్పారు. మన డోర్నకల్ మొదటి బిషప్పు అజరయ్య గారు, 1912లో అభిషేకం పొందిన మహనీయుడు, ఆ నాడార్ కులంలోనే తిరునెల్వేలి వైపు పుట్టినవారు. ఇది చదివిన రాత్రి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న పిల్ల మళ్లీ కళ్లముందుకు వచ్చింది.

1 తిమోతి 2:9 గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేను మరీ అన్యాయంగా వాడాను. అక్కడ పౌలు వద్దన్నది బంగారం, ముత్యాలు, ఎక్కువ వెలగల బట్టలు. కూలి చేసే స్త్రీ గురించి అందులో ఏముంది? మన పెళ్లిళ్లలో పట్టుచీరల వరుస చూసి ఒక్కరోజైనా ఆ వచనం తీశామా? పైగా మా తెల్ల చీర పద్ధతి చూడండి. వర్షాకాలం మా మట్టి రోడ్డున తెల్ల చీరతో రావడమంటే ఎలా ఉంటుందో మా ఇంట్లో ఆమెను అడిగితే చెబుతుంది. ఒక్కటే తెల్ల చీర ఉన్నవాళ్లు అది ఆరకపోతే ఆ ఆదివారం రారు. ముగ్గురు అలా ఆగిపోతున్నారని ఆమె చెబితేనే నాకు తెలిసింది. మురికి బట్టల పేదవాడిని కింద కూర్చోమనకూడదని యాకోబు 2వ అధ్యాయం చెబుతుంటే, మేము బయటే ఉంచాం. తెల్ల చీర నియమం మాత్రం తర్వాతి నెలలోనే తీసేశాను. ముసుగు ఉంచాను. అది 1 కొరింథీయులకు 11లో ఉంది, దాని మీద నా మనసు మారలేదు.

ఆ పిల్ల దగ్గరకు వెళ్లడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. ప్రసంగించడానికి వారం చాలింది. ఆమె పనిచేసే ఊరు అడుగుతూ వెళ్తే, సెక్షన్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద బండి తుడుచుకుంటోంది. కుర్చీ తెచ్చి వేసింది.

"తల్లీ, ఆ రోజు నేను చూశాను. పిలవాల్సింది. తప్పు నాది" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యగారూ, రాత్రిపూట అడవిలో తిరుగుతం. కలప దొంగలు ఉంటరు, పాములు ఉంటయి. చీర కట్టుకొని ఎట్ల ఉరకాలె? భయమైనప్పుడు మీరు నేర్పిన కీర్తనే చెప్పుకుంట. మీరే బయట పెడితే ఎవరి దగ్గర చెప్పుకోవాలె?" అన్నది.

క్షమించానని అనలేదు. టీ పోసింది. వస్తానని కూడా అనలేదు.

ఆ ఆదివారం సంఘం ముందు నా ప్రసంగం తప్పని చెప్పాను. కొందరికి నచ్చలేదు. సంఘ పెద్ద రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. ఆయన చెడ్డవాడు కాదు; మందిరం రేకులు ఆయన ఎద్దుల బండి మీదే వచ్చాయి. "మీరే చెప్పి మీరే కాదంటే నేను గుమ్మం దగ్గర ఏ ముఖంతో నిలబడాలె అయ్యగారూ" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన నా బోధనే పాటించాడు.

పునరుత్థాన పండుగ రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆరాధన. ఎండాకాలం, అడవికి నిప్పు అంటుకునే రోజులు. రెండో పాట నడుస్తుండగా బయట బండి ఆగింది. ఖాకీ బట్టల మీద బూడిద, తల మీద చున్నీ. గుమ్మం దగ్గర ఎవరూ లేరు, సంఘ పెద్ద లోపల నా పక్కన ఉన్నాడు. ఆమె వచ్చి ఆడవాళ్ల వైపు చివరి చాప మీద తల్లి పక్కన కూర్చుంది. తల్లి జరిగి చోటిచ్చింది.

బల్ల దగ్గర రొట్టె పళ్లెం సంఘ పెద్ద పట్టుకున్నాడు, నేను విరిచి ఇస్తూ వెళ్లాను. చివరి చాప దగ్గరికి వచ్చేసరికి పొగ వాసన వచ్చింది. ఆమె చేతులు చాచింది. నేను రొట్టె కోసం చెయ్యి పెట్టేలోగా, ఆయన ఆమెకు అందేటట్టు పళ్లెం కిందికి దించాడు.