తాత చెప్పులకి పేరు లేదు

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె, లందలో తంగేడు చెక్కతో పదునుచేసిన తోలు. ఇదే ఆయన ఆస్తి. ఆయన కుట్టిన కిర్రుచెప్పులేసుకుని ఆసామి నడుస్తుంటే ఆ చప్పుడుకే జనం పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆసామి వస్తున్నాడు అనేవాళ్ళేగాని, ఫలానా వాడు కుట్టిన చెప్పులు వస్తున్నయ్ అన్నవాళ్ళు లేరు. కళ్ళంలో ఇన్ని గింజలు కొలిచేవాళ్ళు. పనికి గింజలొచ్చినయ్. పేరు రాలేదు.

ఇప్పుడిదంతా ఎందుకంటే, పోయినేడు మా బడిలో చదివిన అమ్మాయి ఒకతి ఇంటికొచ్చింది. మా పల్లె పిల్లే. బీఎఫ్ఏ చదివింది. బొమ్మలు గీసే ఉద్యోగాలకి హైదరాబాదులో దరఖాస్తులు పెడుతోంది. "మార్కుల లిస్టు కాదంట సార్, పోర్టుఫోలియో లింకు పంపమంటున్నారు" అంది. అంటే మన బొమ్మలన్నీ నెట్లో ఒకచోట వరసగా పెట్టి ఆ చిరునామా పంపాలి. బిహాన్స్ లాంటి చోట్ల డబ్బు కట్టకుండానే పెట్టుకోవచ్చు. బొమ్మ కింద నీ పేరు, ఎవరికోసం గీశావు, అందులో నీ చెయ్యెంత అని రాసుకోవచ్చు. నాకు భలే సంతోషమేసింది. నువ్వెవరు అని కాకుండా నువ్వేం చేశావు అని అడిగే రోజొచ్చిందనుకున్నా.

అంతలోనే నా సంగతి గుర్తొచ్చింది.

2013లో నేనూ ఇట్టాంటి చిరునామా ఒకటి పంపినవాణ్ణే. ఎమ్మే, బీఈడీ అయినయ్. అప్పటికింకా టీచరుద్యోగం లేదు. మా అమ్మ మిరపకాయల కోతకి పోయి పంపే డబ్బుతో నగరంలో గదిలో ఉన్నా. ఒకచోట రాసేవాళ్ళు కావాలన్నారు. రాసినవి చూపించమన్నారు. నాకో బ్లాగుండేది. అందులో పదకొండు కవితలు. నాలుగు మా పల్లెవి. పెద్దకూర మీద ఒకటి, టీకొట్టు చూరులో మా అమ్మకి విడిగా పెట్టిన గ్లాసు మీద ఒకటి, ఇంకో రెండు. ఆ నాలుగూ తీసేశా. వాన మీదా వెన్నెల మీదా రాసినవి ఉంచా.

పిలిచారు. వాన కవిత బాగుందన్నాడు కుర్చీలో పెద్దమనిషి. తర్వాత ఇంటిపేరడిగాడు. ఊరడిగాడు. ఊళ్ళో ఏ వైపు అనడిగాడు. చెప్పాను. కబురు చేస్తామన్నాడు. ఆ కబురు ఇంతవరకు రాలేదు. తీసేసిన కవితలకి నేను కాపీ పెట్టుకోలేదు. రాని ఉద్యోగం ఎట్టాగూ నాది కాదు. కవితలు నావి. వాటిని నా చేత్తో నేనే చెరిపేశా.

ఇక ఈ పిల్ల సంగతి. బొమ్మలన్నీ గూగుల్ డ్రైవులో పెట్టి అప్పటికే రెండుచోట్లకి పంపింది. నా ఫోన్లో తెరిచి చూద్దామంటే తెరుచుకోలేదు. అనుమతి అడగండి అని వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. బావి దగ్గర, గుడి దగ్గర అనుమతి అడిగీ అడిగీ అలిసిపోయిన వాళ్ళం మనం. ఉద్యోగమిచ్చేవాడు మాత్రం ఒక్కసారి కూడా అడగడు, ఇంకొకరి బొమ్మలు చూసుకుంటాడు. అయితే ఈ తాళం మాత్రం మన చేతిలోదే. లింకున్నవాళ్ళెవరైనా చూడొచ్చని మార్చాం.

నలభై బొమ్మలుంటే పన్నెండు ఏరాం. సినిమా హీరోల బొమ్మలు చూసి గీసినవి పక్కన పెట్టాం. ఇయ్యాల యంత్రం కూడా బొమ్మ గీస్తోంది గదా, అందుకని ప్రతి బొమ్మ పక్కనా మొదట పెన్సిలుతో గీసుకున్న చిత్తు కూడా పెట్టమన్నా. చెయ్యి నీదేనని తెలియాలి.

ఒక బొమ్మ దగ్గర ఆగాం. 1985 జులైలో కారంచేడులో తాగేనీళ్ళ చెరువు పాడుచెయ్యొద్దన్న గొడవలో, కొట్టబోయినవాళ్ళ మీదికి బిందె ఎత్తిన మున్నంగి సువార్త బొమ్మ అది. మర్నాడు, 17వ తేదీన, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. అప్పటికి ఈ పిల్లే కాదు, నేనూ పుట్టలేదు. అయినా బిందె పట్టిన ఆ చేతుల్లో నరాలు కూడా గీసింది.

"ఉద్యోగమొచ్చిందాకా అది తియ్యవే. కూడు ముఖ్యం" అంది వాళ్ళమ్మ. ఆమె మాటలో తప్పు లేదు. పోనీ తీసెయ్యమ్మా అని నేనూ అనబోయా. మాట నోటిదాకా వచ్చింది. నా నాలుగు కవితలు అడ్డమొచ్చినయ్. ఆ కథంతా చెప్పా. "తీసినా నేను తప్పుబట్టను. ఆకలి నీది. కానీ కాపీ మాత్రం దాచుకో" అన్నా. రాత్రంతా ఆలోచించుకుంది. తెల్లారి దాన్ని మూడో బొమ్మగా పెట్టింది. కింద ఊరు, ఏడాది, సువార్త పేరు, తన పేరు రాసింది.

తర్వాత రెండుచోట్ల జవాబు లేదు. ఒకచోట పనితనం చూస్తామని అయిదు బొమ్మలు ఊరికే గీసి పంపమన్నారు. అవి వాళ్ళ పుస్తకానికి కావాల్సిన బొమ్మలే. ఈ పద్ధతి మా తాతకి బాగా తెలుసు. దాని పేరు వెట్టి. ఈ పిల్ల ఒక్కటే గీసి, మూలన తన పేరు రాసి పంపి, మిగతావాటికి డబ్బడిగింది. వాళ్ళు మళ్ళీ పలకలేదు. ఇంకోచోట ఆ బిందె బొమ్మ గురించే అడిగారంట. అరగంట చెప్పిందంట. ఆర్నెల్ల పనిచ్చారు. పర్మినెంటు కాదు. "ఆ బొమ్మ వల్ల ఇచ్చారో, ఆ బొమ్మ ఉన్నా ఇచ్చారో సార్" అంది.

చదువుకుంటున్న మా పిల్లలకి చెప్పేదొకటే. పాటయినా, బొమ్మయినా, డప్పు దరువయినా నలుగురికీ కనపడేట్టు పెట్టండి. కాపీ దాచుకోండి. తలుపు తెరుచుకుంటుందో లేదో ఇంకొకరి ఫోన్లో చూడండి. కింద మీ పేరు రాయండి. మనవాళ్ళు చేసినవాటికి మనం పేరు రాయకపోతే అవి ఆసామి చెప్పులే అవుతయ్.

తాత కుట్టిన చెప్పులు ఒక్క జత కూడా మా ఇంట్లో లేవు. నేను చెరిపేసిన నాలుగు కవితల్లో రెండు గుర్తుతెచ్చుకుని మళ్ళీ రాశా. మా అమ్మ గ్లాసు కవిత ఇంకా రావట్లేదు.