పొగ చూసి చెప్పే మా బాపు

మా బాపుకి చెవులు సరిగ్గా వినిపించట్లేదని నాకు తెలిసింది డాక్టర్ దగ్గర కాదు, యూట్యూబ్ దగ్గర.

పోయినేడాది ఒక ఆదివారం సాయంత్రం. గౌలిపురలో మా డాబా మీద కూర్చుని ఫోన్‌లో ఒక వీడియో పెట్టాను. అమెరికాలో పెన్సిల్వేనియా, స్క్రాంటన్ అనే ఊరు. డెలావేర్-లాకవానా అనే చిన్న రైల్వే కంపెనీ. రెండు ముసలి ఆల్కో డీజిల్ ఇంజిన్లు గూడ్స్ వ్యాగన్లని గుట్ట మీదికి లాగుతున్నాయి. వాల్యూమ్ ఫుల్ పెట్టాను. పక్కింటి అత్త గోడ మీద నుంచి తొంగి చూసి "ఏంది బిడ్డా ఆ చప్పుడు?" అంది.

బాపు మాత్రం, "జర సౌండ్ పెట్టురా" అన్నాడు.

నాకు గుండె జారిపోయింది. ఆయనేమో స్క్రీన్‌కి ముక్కు ఆనించి చూస్తున్నాడు. కాసేపటికి, "వెనుక బండికి ఇంజెక్టర్ కారుతున్నట్టుంది. పొగ తేటపడ్తలేదు" అన్నాడు.

బాపు ముప్పై ఏళ్లకు పైగా డీజిల్ షెడ్‌లో ఫిట్టర్. ఆయన చేతుల్లో నలిగినవన్నీ ఆల్కోలే. ఆ కంపెనీది న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ. 1962లో డబ్ల్యూడీఎం-2 అనే మోడల్ అక్కడి నుంచి మన దేశానికి ఓడల్లో వచ్చింది. 1964 నుంచి వారణాసిలోనే తయారైంది. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. తమాషా ఏంటంటే, అసలు కంపెనీ 1969లోనే ఇంజిన్లు చేయడం ఆపేసింది. మనవాళ్లు మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు చేస్తూనే ఉన్నారు.

"ఆల్కో అంటేనే నల్ల పొగ" అంటాడు బాపు. డ్రైవర్ నాచ్ పెంచగానే డీజిల్ వెంటనే ఎక్కువగా వెళ్తుంది. కానీ గాలి తోసే టర్బో తిరగడం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సందులో మండని డీజిలే నల్ల పొగ. టర్బో అందుకుంటే పొగ తగ్గాలి. తగ్గకపోతే ఎక్కడో లోపం ఉన్నట్టు. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోందని. ఇదంతా మా ఇంట్లో ఎక్కాల కంటే ముందు నేర్చుకున్నాం.

మరి అమెరికాలో అంత పాత బండ్లు ఇంకా ఎట్లా నడుస్తున్నాయి? అక్కడ 1980లో చట్టం మారాక పెద్ద రైల్వేలు లాభం లేని చిన్న లైన్లని చాలా వదిలించుకున్నాయి. చిన్న కంపెనీలు వాటిని తీసుకున్నాయి. ఇప్పుడు అలాంటివి దాదాపు 600. ఒక మిల్లుకో, ఫ్యాక్టరీకో రోజూ పది పదిహేను వ్యాగన్లు చేరవేయడమే వాళ్ల పని. దానికి కోట్లు పెట్టి కొత్త ఇంజిన్ ఎవరు కొంటారు? పాతది కొని, రిపేర్ తెలిసిన మనిషిని పెట్టుకుంటారు.

మన దగ్గర సరిగ్గా అలాంటివి లేవు కానీ, గోదావరిఖనిలో మా మేనమామ ఇంటికెళ్తే దగ్గరి చుట్టం లాంటిది కనిపిస్తుంది. సింగరేణి బొగ్గుని రామగుండం ఎన్టీపీసీకి మోసే సొంత లైను. ప్లాంటు దగ్గర వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు కింద పడిపోతుంది. చిన్నప్పుడు అది చూడ్డానికే నేను, బాపు మామ ఇంటికి పోయేవాళ్లం. పెళ్లిళ్లకి పోయామని అమ్మ అనుకునేది.

చెవుల సంగతి అడిగితే బాపు ముందు ఒప్పుకోలేదు. తర్వాత చెప్పాడు. చెవులకి పెట్టుకునే మఫ్‌లు షెడ్‌లో ఇచ్చేవాళ్లట. ఈయనే పెట్టుకునేవాడు కాదు. "చెవులు మూసుకుంటే బండి ఏం చెప్తుందో ఎట్ల ఎరుక?" అన్నాడు.

"చెవి మిషన్ పెట్టిద్దాం బాపూ" అన్నాను.

"ఇప్పుడు వినేదేముందిరా? అన్నీ కరెంటు బండ్లే కదా."

ఎంత చెప్పినా వినలేదు. (ఈ మాట మా ఇంట్లో రెండు రకాలుగానూ నిజం.)

వారం తర్వాత సాయంత్రం ఇద్దరం ఉప్పుగూడ స్టేషన్‌కి నడిచాం. మా ఇంటి నుంచి పెద్ద దూరమేం కాదు. ఎంఎంటీఎస్ వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్లు మహబూబ్‌నగర్ వైపు రైళ్లని డీజిల్ ఇంజిన్లే లాగేవి. రాత్రిపూట ఆ హారన్ వింటూ బాపు మంచంలోంచే బండి మోడల్ చెప్పేవాడు. మేం నమ్మేవాళ్లం.

గూడ్స్ వచ్చింది. కరెంటు ఇంజిన్. బాపు అలవాటుగా దాని నెత్తి వైపే చూశాడు. పొగ లేదు. చప్పుడు నాకే అంతంత మాత్రం. బండి దాటిపోయాక అడిగాడు, "దీనికి రోగమొస్తే ఎట్ల తెలుస్తది?"

"డ్రైవర్ ముందు స్క్రీన్ మీద వస్తది" అన్నాను.

వినిపించలేదు. ఫోన్‌లో పెద్ద అక్షరాలతో టైప్ చేసి చూపించాను. చదివి, "గట్లనా" అన్నాడు.

తిరిగి వస్తుంటే ఛత్రినాక దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ అమెరికా బండి... మిషన్ పెట్టుకుంటే వినపడ్తదా?"

తల ఊపాను.

"మరి ఎప్పుడు పోదాం?"