మా బావమరిది మూడు లీటర్ల లెక్క

మాది 2011 మోడల్ ఐ10 ఆటోమేటిక్. ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, మార్చడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గ్యారేజీవాళ్లు చెప్పిన రేటు 3,800. సామాను మనమే కొంటే ఎస్‌పీ-3 క్యాన్లు మూడు, ఒక్కోటి 550 చొప్పున 1,650. డ్రెయిన్ బోల్టు వాషరు 40, పొడుగు గొట్టం ఉన్న గరాటు 120. వెరసి 1,810. మిగులు 1,990. కూడికలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. తేడా కొట్టింది ఆ ‘మూడు’ దగ్గర. అది మా బావమరిది ఇచ్చిన అంకె.

దిగిన ఆయిల్ కొలుద్దామన్నాను. “ఎందుకు బావా, ఇంజన్ ఆయిల్ లెక్కనే. మూడు లీటర్లు పోస్తే ఖతం” అంటూ కొత్తపేటలో మా సెల్లార్‌లోనే పాత ఆయిలంతా ఏదో పెయింటు డబ్బాలోకి ఒంపేశాడు. ఎంత దిగిందో అంత పోయడం ఈ పనిలో ఓనమాలు. ఆరోజు తినిపించిన బిర్యానీని ఖర్చులో వేయడం లేదు.

మర్నాడు చైతన్యపురి సిగ్నల్ దగ్గర ‘డి’లో వేస్తే కాసేపు ఉలుకూ పలుకూ లేదు, తర్వాత ఒక్క కుదుపు. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తోంది గానీ బండి అందుకోదు. “గేర్‌బాక్స్ పోయినట్టే బావా” అన్నాడు. ఆటోనగర్‌లో తనకు తెలిసిన మెకానిక్ ఫోన్లోనే, బండి ముఖం కూడా చూడకుండా 62,000 చెప్పాడట. అమ్మితే లక్షా ఎనభై వచ్చే బండికి! 62,000ని నా 1,990తో భాగిస్తే 31 పైచిలుకు. నలభై వేల కిలోమీటర్లకోసారి మారుస్తాననుకున్నా, ఆ డబ్బు పూడాలంటే బండి పన్నెండు లక్షల కిలోమీటర్లు దాటాలి. ఈ లెక్కతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఖర్చు లేని పరీక్షతోనే మొదలుపెట్టాను. బండిని నాగోల్ దాకా తిప్పి వేడెక్కించి, చదునైన చోట ఇంజన్ ఆపకుండా లివర్‌ను అన్ని గేర్లలోకీ నెమ్మదిగా తిప్పి న్యూట్రల్‌కు తెచ్చాను. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే ఆయిల్ ‘హాట్’ గీతల దరిదాపుల్లో లేదు. ఎరుపు మాత్రం ఎరుపే, మాడు వాసన లేదు. క్లచ్‌లు కాలితే ఆయిల్ నల్లబడి కంపు కొడుతుంది. ఆయిల్ చాలకపోతే పంపు గాలి లాగుతుంది, ప్రెషర్ పడిపోయి క్లచ్‌లు జారతాయి. అలాగే నెలరోజులు తిప్పి ఉంటే 62,000 నిజమయ్యేదే.

ఇంకో రెండు క్యాన్లు తెచ్చి, కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ డిప్‌స్టిక్ చూస్తూ గీతల మధ్యకు తెచ్చాను. ఎక్కువైతే నురగ కడుతుంది, అదీ ప్రమాదమే. లీటరు పైన చిల్లర పట్టింది. కుదుపు పోయింది. ఖర్చు 2,910కి చేరింది, మిగులు 890. గ్యారేజీకే ఇచ్చుంటే తలనొప్పి ఉండేది కాదనేవాళ్లున్నారు, నిజమే కావచ్చు.

ఈమధ్య మా బావమరిది సెలెరియో ఏఎంటీ కొన్నాడు. దానిక్కూడా నాచేతే ఏటీఎఫ్ మార్పించాలని క్యాన్లు కొనుక్కొచ్చాడు, ఈసారి నాలుగు. ఏఎంటీలో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, అందులో ఏటీఎఫ్ పొయ్యరని చెప్పాను. “షాపువాడు వాపస్ తీసుకోడు బావా, నీ బండికి పనికొస్తయ్ గదా, పైసలియ్యి” అన్నాడు. లేబుల్ చూశాను. అది సీవీటీ ఆయిల్.