నేల మీద చుక్క పడని లీకు



కొండ గ్రామాల్లో పరిచర్య చేసేవాళ్లకు వాక్యంతో పాటు డీజిల్ బండి సంగతి కూడా కొంత తెలిసి ఉండాలి. మా సంఘం జీపు ఆదివారం విశ్వాసులను ఎక్కించుకొస్తుంది. మిగతా రోజుల్లో ఎవరికైనా అర్ధరాత్రి పురిటి నొప్పులు మొదలైతే కిందికి దించేది కూడా అదే. అందుకే సెల్ఫ్ కొట్టగానే అది పలకకపోతే మాకు భయం వేస్తుంది.

పోయిన ఏడాది వానల్లో దానికి ఒక జబ్బు పట్టుకుంది. స్టార్ట్ అవుతుంది, పది పదిహేను సెకన్లు నడుస్తుంది, దగ్గినట్టు చేసి ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ కావాలంటే చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. ఎలాగో నడిచినా ఘాట్ ఎక్కేటప్పుడు దమ్ము ఉండదు. ట్యాంకు నిండా పోయించిన రోజు మాత్రం ఏమీ ఎరగనట్టు పరుగెత్తుతుంది. సగానికి దిగిందా, మళ్లీ మొదలు.

డ్రైవర్లు దీన్ని చూడగానే "ఎయిర్ పట్టింది" అంటారు. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్లో నొక్కుడుకు వేడెక్కిన గాలిలోకి నాజిలు డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలి, అప్పుడే అది మండుతుంది. పాత తరం బండ్లలో నాజిలు తెరుచుకోవాలంటే చాలావాటికి 150 నుంచి 250 బార్ ఒత్తిడి కావాలి. కారు టైరులో ఉండేది 2 బార్ చిల్లర, అంతే. డీజిల్‌ను ఎంత నొక్కినా పెద్దగా కుదించుకుపోదు గనుక పంపు వేసిన ఒత్తిడి నేరుగా నాజిలుకు చేరుతుంది. మధ్యలో ఒక్క గాలి బుడగ ఉంటే పంపు కష్టమంతా ఆ బుడగను నలపడానికే సరిపోతుంది. ట్యాంకులో డీజిల్ ఉంటుంది, పంపు తిరుగుతుంది, నాజిలు మాత్రం తెరుచుకోదు.

దీనికి దారిలో చేసే వైద్యం అందరికీ తెలిసిందే. ఫిల్టరు మీద ఎయిర్ తీసే బోల్టు కొంచెం వదులు చేసి, హ్యాండ్ ప్రైమరు కొడుతూ ఉండాలి. మొదట సబ్బు నురగలా వస్తుంది, తరువాత తేటగా డీజిల్ వస్తుంది. అప్పుడు బోల్టు బిగించాలి. ఇంకా పలకకపోతే నాజిళ్ల దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడతారు. (ఇది పాత బండ్లకే. ఇప్పటి కామన్ రెయిల్ ఇంజన్లలో ఒత్తిడి 1000 బార్ దాటిపోతుంది, ఆ పైపుల జోలికి పోవద్దు. ఆ ధార చర్మంలోకి దూరిపోగలదు.) పావుగంట పని. బండి ఇల్లు చేరుతుంది. కానీ గాలి తీసినంత మాత్రాన గాలి వచ్చే చోటు మూసుకోదు.

ఆ చోటు ఎందుకు దొరకదంటే, ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న దారిలో డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది. ఆ దారిలో సందు ఉంటే డీజిల్ బయటికి కారడం కంటే గాలే లోపలికి పోతుంది. నేల మీద చుక్క కనబడకపోవచ్చు. పైపు తుడిచి చూసినా పొడిగానే ఉంటుంది.

మా మెకానిక్ ప్రభువును ఎరిగినవాడు కాడు గానీ, ఓపిక గలవాడు. ట్యాంకులో డీజిల్ సగం కంటే తక్కువ ఉన్నప్పుడే రమ్మన్నాడు. ఫీడ్ పంపుకు ముందు తెల్ల ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి ఇంజను నడిపించాడు. బుడగలు కనబడ్డాయి. అంటే ఫిల్టరు నిర్దోషి, నాజిళ్లు నిర్దోషులు. ట్యాంకు పైపు ఊడదీసి, డబ్బాలో డీజిల్ పోసి అందులోంచి పీల్చుకోనిచ్చాడు. ఒక్క బుడగ లేదు. పంపు కూడా నిర్దోషే. మళ్లీ ట్యాంకుకు తగిలించి, ఈసారి రబ్బరు పైపు కొత్తది వేశాడు. బుడగలు వచ్చాయి. ఇక మిగిలింది ట్యాంకు లోపలే. డీజిల్ పీల్చే గొట్టాన్ని బయటికి తీస్తే సగం ఎత్తులో తుప్పు తిన్న బెజ్జం, సూది మొన దూరేంత. డీజిల్ దానికి పైన ఉన్నంతసేపు ఏ బాధా లేదు. కిందికి దిగితే గాలి.

అది చూసినప్పుడు మాకు యెహోషువ గ్రంథం 7వ అధ్యాయం గుర్తొచ్చింది. యెరికో అంతటి పట్టణం కూలిన తరువాత హాయి అనే చిన్న ఊరి దగ్గర ఇశ్రాయేలు ఓడిపోయింది. ఇంచుమించు 36 మంది చనిపోయారు. యెహోషువ, పెద్దలు తలమీద ధూళి పోసుకొని సాయంకాలం దాకా మందసం ముందు సాగిలపడ్డారు. దేవుడు లెమ్మన్నాడు. తరువాత చెప్పింది వెతికే వరుస: మొదట గోత్రం, తరువాత వంశం, తరువాత కుటుంబం, చివరికి మనిషి. దొరికింది ఎక్కడ? ఆకాను డేరాలో, నేల కింద. ఆకాను అంతం కఠినమైనది. దాని పేరున మనుషులను నలిపేవాళ్లను చూశాము గనుక ఒక మాట చెప్పాలి: హోషేయ గ్రంథంలో దేవుడు అదే ఆకోరు లోయను నిరీక్షణ ద్వారంగా చేస్తానన్నాడు. వెతకడం ఆ ద్వారం కోసమే.

మా సంఘంలో ఒక సహోదరుడున్నాడు. ఆయన అనుమతితోనే రాస్తున్నాము. ఏటా ఫిబ్రవరి ఉజ్జీవ కూడికల్లో ముందుకొచ్చి, మోకరించి, తాగుడు మానేస్తానని ఏడ్చేవాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే, ఆ కూడికలూ మంచివే. అవి గాలి తీస్తాయి. వరి నాట్లు అయ్యేసరికి ఆయన భార్య మళ్లీ మా గుమ్మంలో కూర్చునేది. కొందరు పెద్దలు ఆయనకు విశ్వాసం లేదన్నారు. మాకు అలా అనిపించలేదు.

ఒక సాయంత్రం కూర్చుని ఏ రోజు, ఏ పూట, ఎక్కడ అని అడుగుతూ వచ్చాము. సొంత చేలో పని ఉన్న వారాల్లో తాగడు. కూలికి పోయినా సోమవారం నుంచి శుక్రవారం దాకా తాగడు. శనివారమే. శనివారమైనా కూలి డబ్బు పడని వారం తాగడు. డబ్బు ఎక్కడ పంచుతారని అడిగాము. బెల్టు షాపు ముందు. మేస్త్రి దగ్గర అన్నీ 500 నోట్లే, నలుగురికి కలిపి ఇస్తాడు. చిల్లర దొరికేది ఆ షాపులోనే, ఏదైనా కొంటేనే చిల్లర.

మేస్త్రితో మాట్లాడాము. మంచివాడు, ఇంతవరకు ఎవరూ అడగలేదన్నాడు. ఇప్పుడు ఆ కూలి ఆమె ఖాతాలో పడుతోంది.

అప్పటి నుంచి రెండు పంటలు ఇంటికొచ్చాయి. మధ్యలో ఒకసారి, ఒక పెళ్లిలో, పడిపోయాడు. మర్నాడు పొద్దున్నే తానే వచ్చి ఎన్ని గంటలకు, ఎవరి పక్కన కూర్చున్నప్పుడు మొదలైందో వరుసగా చెప్పాడు. ఈ ఫిబ్రవరి కూడికల్లో సాక్ష్యం చెప్పించమని కొందరు అడిగారు. ఆయన ఇప్పుడే వద్దన్నాడు. మేము బలవంతపెట్టలేదు.